రెండు గ్రాముల డాంగిల్, 12 గంటల ప్రయాణం

మేనకోడలి పెళ్లికి హైదరాబాద్ నుంచి విశాఖపట్నం రాత్రి రైల్లో వెళ్లాం. పెళ్లి సందట్లోనే ఒక లెక్కల పట్టిక పూర్తిచేసి పంపాల్సిన పని కూడా నా నెత్తిన ఉంది. పొద్దున్నే విడిదింట్లో ఓ మూల చేరి ల్యాప్‌టాప్ తెరిచాను. మౌస్ ఉంది. అందులో కొత్త సెల్ ఉంది. కింద ఎర్ర దీపమూ వెలుగుతోంది. తెర మీద బాణం మాత్రం ఉన్నచోటు నుంచి కదలడం లేదు. మౌస్‌తోపాటు వచ్చిన, ల్యాప్‌టాప్‌కు గుచ్చాల్సిన గోరంత డాంగిల్ ఇంట్లోనే ఉండిపోయిందని తెలియడానికి అయిదు నిమిషాలు పట్టింది. మా బావమరిది జాలిపడి తన డాంగిల్ ఊడదీసి ఇచ్చాడు. "చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా బావా, పెట్టి చూడు" అన్నాడు. పెట్టి చూశాను. ఒకేలా ఉన్నాయి, అంతే.

ఆ డాంగిల్ బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. దాదాపు వంద గ్రాముల మౌస్‌ను మెత్తటి సంచిలో పెట్టి పసిపిల్లాడిలా తీసుకొచ్చాను గానీ, దాన్ని పనిచేయించే రెండు గ్రాములను ఇంట్లో వదిలేశాను. ఆ రోజు నుంచి ఊరెళ్లేవాళ్లు ఎవరైనా "మౌస్, డాంగిల్, ఇయర్‌బడ్స్ ఇవన్నీ జాగ్రత్తగా ఎలా తీసుకెళ్లాలి?" అని అడిగితే ముందు వాళ్ల భయాలేమిటో వింటున్నాను. విమానాశ్రయంలో స్కానర్‌కు పాడవుతాయని ఒకరు, పక్క సీటువాడు హ్యాక్ చేస్తాడని ఒకరు, విమానంలో మౌస్‌ను ఎక్కనివ్వరేమోనని ఇంకొకరు. లెక్కలు వేసి చూస్తే వీటిలో చాలావరకు వదిలేయదగ్గ భయాలే. ఎండలో ఆపిన కారు, సంచిలో మేల్కొన్న ల్యాప్‌టాప్, చిల్లర నాణేల మధ్య పడేసిన సెల్లు... వీటి గురించి మాత్రం ఎవరూ అడగరు.

ముందు డాంగిల్ సంగతే తేల్చుకుందాం. ఒకరి డాంగిల్ ఇంకొకరి మౌస్‌కు ఎందుకు పనికిరాదు? వైర్‌లెస్ మౌస్‌లు, బ్లూటూత్, వైఫైలో ఒక భాగం, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే. అంటే సెకనుకు 240 కోట్ల సార్లు ఊగే తరంగాలు. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఈ సన్నని బాటలో తిరగడానికి మన దేశంలో ఎవరూ లైసెన్సు తీసుకోనక్కర్లేదు. అందుకే బాట ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. ఆ రద్దీలో ఎవరి మాట ఎవరికో తెలియడానికి మౌస్‌కూ డాంగిల్‌కూ ఫ్యాక్టరీలోనే ఒక ఉమ్మడి గుర్తింపు సంఖ్య ఇచ్చి జతచేస్తారు. దీన్నే పెయిరింగ్ అంటారు. ఆ సంఖ్య కలవని మాటను డాంగిల్ అసలు చెవిన పెట్టదు. కంపెనీ ఒకటే అయినా, మోడల్ ఒకటే అయినా మామూలుగా ఇంతే.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. లాజిటెక్ కంపెనీ 2009లో యూనిఫైయింగ్ అనే రిసీవర్‌ను, అంటే డాంగిల్‌నే, తెచ్చింది. దాని మీద నారింజ రంగు నక్షత్రం లాంటి గుర్తు ఉంటుంది. ఒక్క రిసీవర్‌తో ఆరు పరికరాల దాకా జతచేసుకోవచ్చు. అది పోతే అదే గుర్తున్న ఇంకో రిసీవర్ కొనుక్కుని, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ జతకట్టవచ్చు. 2021లో అదే కంపెనీ బోల్ట్ అనే మరో రకం తెచ్చింది. ఈ రెండు రకాలూ ఒకదానితో ఒకటి కలవవు. కాబట్టి డాంగిల్ మీద ఏ గుర్తుందో ఈ రోజే ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. పోయిన తరవాత గుర్తు చూసుకోవడానికి డాంగిల్ ఉండదు కదా.

తరచూ ప్రయాణాలు చేసేవాళ్లు కొత్తగా కొంటుంటే నా సలహా బ్లూటూత్ మౌస్. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఎలాగూ ఉంటుంది కనుక విడిగా డాంగిల్ అక్కర్లేదు, పోగొట్టుకునే వస్తువు ఒకటి తగ్గినట్టే. రెండు పద్ధతుల్లోనూ పనిచేసే మౌస్‌లు కూడా దొరుకుతున్నాయి. డాంగిల్ ఇంట్లో మరిచినా అడుగున ఉన్న బటన్‌తో బ్లూటూత్‌కు మార్చుకోవచ్చు. నా మౌస్‌కు ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు చాలామంది అడిగే సందేహం. డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కే వదిలేసి సంచిలో పెట్టుకోవచ్చా, ప్రతిసారీ ఊడదీయాలా? వదిలేస్తే పోర్టు విరుగుతుందని ఒక భయం, తీస్తూ పెడుతూ ఉంటే పోర్టు అరిగిపోతుందని ఇంకో భయం. రెంటికీ లెక్కలున్నాయి.

అరుగుదల సంగతి చూద్దాం. మామూలు వెడల్పాటి యూఎస్‌బీ పోర్టు కనీసం 1,500 సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకోవాలన్నది ప్రమాణం. రోజుకు రెండుసార్లు పెట్టి తీస్తే 750 రోజులు, అంటే రెండేళ్ల పైచిలుకు. ఇది వింటే కంగారుగానే ఉంటుంది. కానీ ఊరెళ్లేటప్పుడు మాత్రమే తీస్తే? నెలకు రెండు ప్రయాణాలనుకుందాం. ఏడాదికి 24 సార్లు. ఆ లెక్కన 1,500 చేరడానికి 62 ఏళ్లు పడుతుంది. పైగా 1,500 అనేది కనీస హామీ, ఆ మర్నాడే పోర్టు చచ్చిపోతుందని కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే చిన్న కోలపాటి సీ రకం పోర్టుకైతే ఈ హామీ 10,000 సార్లు.

ఇక విరగడం. ఇక్కడ భౌతికశాస్త్రం పలుగు దగ్గరిదే. పలుగు ఎంత పొడుగైతే పట్టు అంత ఎక్కువ. పెన్‌డ్రైవ్ పోర్టు బయటికి మూడు నాలుగు సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది. చిన్న డాంగిల్ అరంగుళంలో సగం కూడా రాదు. సంచిలో ఒకే బలం తగిలినా పెన్‌డ్రైవ్ పోర్టును డాంగిల్ కన్నా అయిదారు రెట్లు గట్టిగా మెలితిప్పుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ ఉండగా సంచిలో పెట్టడం తప్పే, డాంగిల్ ఉండగా పెట్టడం చిన్న తప్పు. అయినా తోసుకుంటూ బస్సెక్కే మనకు చిన్న తప్పూ ఎందుకు? డాంగిల్ విరిగితే కొత్త మౌస్‌తో పోతుంది. పోర్టు విరిగితే ల్యాప్‌టాప్ విప్పాలి. ఇంట్లో ఉన్నంతకాలం డాంగిల్‌ను కదిలించకండి, గడప దాటేటప్పుడు తీయండి.

తీసి ఎక్కడ పెట్టాలి? మౌస్‌ను బోర్లించి చూడండి. సెల్ వేసే అర మూత తీస్తే చాలా మౌస్‌లలో డాంగిల్ దూర్చే చిన్న సందు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడుతూ దాన్ని గమనించనివాళ్లను చాలామందిని చూశాను, నేనూ ఆ జాబితాలో ఉన్నాను. ఆ సందు లేకపోతే మందుల షాపులో దొరికే ఏడు గదుల మాత్రల డబ్బా తెచ్చుకోండి. సోమవారం గదిలో డాంగిల్, మంగళవారం గదిలో మెమరీ కార్డు, బుధవారం గదిలో ఇయర్‌బడ్స్ రబ్బరు తొడుగులు. జేబులో మాత్రం వద్దు. రెండు గ్రాముల వస్తువు రుమాలుతో పాటు బయటికి వచ్చి పడితే చప్పుడు కూడా కాదు.

మౌస్‌కు విడిగా సంచి కొనక్కర్లేదు. పాత కళ్లద్దాల గట్టి డబ్బా చాలు, సన్నపాటి ప్రయాణపు మౌస్‌లు చాలావరకు అందులో పడతాయి. మెత్తటి సంచి గీతలు పడకుండా కాపాడుతుందే గానీ, ఎవరైనా సూట్‌కేసు మీద పెడితే కాపాడలేదు. మౌస్‌లో ముందుగా దెబ్బతినేది పైకి తేలి ఉండే చక్రం. గట్టి డబ్బా కావాల్సింది దాని కోసమే.

సంచిలో నిద్రలేచే యంత్రం

మౌస్ అడుగున ఉన్న స్విచ్ ఆపడం గురించి ఎక్కువమంది చెప్పే కారణం సెల్ అయిపోతుందని. అది ఎంతవరకు నిజమో చూద్దాం. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో, మెల్లగా వాడితే, సుమారు 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల విద్యుత్తు ఉంటుంది. మిల్లీ ఆంపియర్ అవర్, ముద్దుగా ఎంఏహెచ్, ట్యాంకులో నీళ్లు కొలిచినట్టు సెల్‌లోని విద్యుత్తును కొలిచే కొలత. మెలకువగా ఉన్న మౌస్ గంటకు 5 ఎంఏహెచ్ తాగుతుందనుకుందాం. రైలు కుదుపులకు 12 గంటలూ మెలకువగానే ఉన్నా అయ్యేది 60. అంటే వంద రూపాయల్లో రెండు రూపాయల నలభై పైసలు. దీని కోసం ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

అసలు నష్టం మౌస్‌కు కాదు, పక్కనున్న ల్యాప్‌టాప్‌కు. మూత మూస్తే ల్యాప్‌టాప్ ఆగిపోదు, మామూలుగా నిద్రలోకి మాత్రమే జారుకుంటుంది. డాంగిల్ దానికే ఉండి, మౌస్ స్విచ్ వేసి ఉంటే, సంచిలో మౌస్ కాస్త కదలగానే కొన్ని ల్యాప్‌టాప్‌లు నిద్రలేస్తాయి. లేచిన యంత్రం 10 వాట్లు వాడుతోందనుకుంటే, 50 వాట్-అవర్ల బ్యాటరీ అయిదు గంటల్లో ఖాళీ. వాట్-అవర్ అంటే ఒక వాటు దీపం గంటసేపు వెలగడానికి కావాల్సిన శక్తి. ఛార్జింగ్ పోవడం కన్నా పెద్ద సమస్య వేడి. మన ఇళ్లలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఉంటుంది. దాన్ని వెలిగించి శాలువాలో చుట్టి సంచిలో పెట్టి జిప్పు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ల్యాప్‌టాప్ గాలి పీల్చుకునే సందులన్నీ మూసుకుపోయి ఉంటాయి. గమ్యం చేరాక సంచిలో చేయి పెడితే ఇస్త్రీపెట్టె తగిలినట్టుంటే కారణం చాలాసార్లు ఇదే.

కాబట్టి మౌస్ స్విచ్ ఆపండి, డాంగిల్ తీయండి, దూర ప్రయాణమైతే ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. మూడూ కలిపి అర నిమిషం పని. స్విచ్ లేని మౌస్ అయితే సెల్ తీసి తిరగేసి పెట్టకండి, తీసి విడిగా ఉంచండి.

ఎండ సంగతికి వద్దాం. పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్య పత్రికలో 2005లో ఒక అధ్యయనం వచ్చింది. ఎండలో ఆపిన కారులో పిల్లల్ని వదిలితే ఏమవుతుందన్నది వాళ్ల ప్రశ్న. బయట 22 నుంచి 36 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లో కొలిచారు. గంటలో కారు లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించిన అధ్యయనం. మన బ్యాటరీలకూ అదే కారు కనుక ఇక్కడ చెబుతున్నాను.

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 44 డిగ్రీలు మామూలే. దానికి 22 కలిపితే 66. అంత పెరగదు, 15 డిగ్రీలే పెరుగుతుందనుకున్నా 59. ఇయర్‌బడ్స్‌ను, వాటి డబ్బానూ 45 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దని యాపిల్ చెబుతుంది. అంటే దారిలో హోటల్ దగ్గర కారు ఎండలో ఆపి, భోజనానికి దిగి, పెరుగన్నం దాకా వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీది ఇయర్‌బడ్స్ ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటాయి. లిథియం బ్యాటరీ, అంటే ఫోన్లలో, ఇయర్‌బడ్స్‌లో, ఛార్జింగ్ మౌస్‌లలో ఉండే రకం, వేడిలో ఉన్నకొద్దీ త్వరగా ముసలిదవుతుంది. నిండుగా ఛార్జ్ చేసి వేడిలో పెడితే ఇంకా త్వరగా. ఇయర్‌బడ్ లోపలి బ్యాటరీ మార్చుకోవడానికి మామూలుగా వీలుండదు కనుక అది ముసలిదైతే ఇయర్‌బడ్ పని అయిపోయినట్టే. కారు దిగేటప్పుడు చేతిపర్సుతో పాటు ఆ డబ్బానూ పట్టుకెళ్లండి. కుదరకపోతే కనీసం నేరుగా ఎండపడని చోట, సీటు కింద బట్టల మధ్య పెట్టండి.

విమానం ఎక్కేవాళ్లకు

మౌస్‌ను, ఇయర్‌బడ్స్‌ను విమానంలోకి అనుమతిస్తారా అంటే నిక్షేపంగా అనుమతిస్తారు. విమానయాన నిబంధనలు లిథియం బ్యాటరీని ఎంఏహెచ్‌లో కాదు, వాట్-అవర్లలో చూస్తాయి. లెక్క సులువు. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి 1,000తో భాగించండి. 10,000 పవర్‌బ్యాంక్ 37 వాట్-అవర్లు. 20,000దైతే 74. ఒక్కో బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపు ఉంటే మామూలుగా అభ్యంతరం లేదు. 100 నుంచి 160 దాకా అయితే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. అందుకే దుకాణాల్లో 27,000 దగ్గర ఆగిపోయే పవర్‌బ్యాంక్‌లు కనిపిస్తాయి, గుణించి చూస్తే అది 99.9. ఇక 500 ఎంఏహెచ్ ఛార్జింగ్ మౌస్ అయితే 1.85 వాట్-అవర్లు. 100 వాట్-అవర్ల పవర్‌బ్యాంక్ ఒక్కదానిలో ఉండే శక్తి 54 మౌస్‌ల బ్యాటరీలకు సమానం.

అయితే ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. పవర్‌బ్యాంక్‌లు, విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ చేసే పెట్టెలో కుదరదు. లోపల బ్యాటరీ బిగించి ఉన్న మౌస్‌ను పూర్తిగా ఆపేసి, నలగకుండా పెడితే చెకిన్ పెట్టెలోనూ పెట్టవచ్చు గానీ, దాన్నీ చేతిసంచిలో ఉంచుకోవడమే మేలు. కారణం ఏమిటంటే, బ్యాటరీ అంటుకుంటే సీట్ల మధ్య ఉన్నప్పుడు ఎవరో ఒకరికి పొగ కనిపిస్తుంది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయల్దేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం తగలబడింది. మంటలు తల పైనున్న అరలో మొదలయ్యాయి. పవర్‌బ్యాంక్ లోపలి బ్యాటరీ కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు ప్రకటించారు. లోపలున్న 176 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ మార్చి నుంచి కొరియా విమానాల్లో పవర్‌బ్యాంక్‌ను తల పైనున్న అరలో పెట్టనివ్వడం లేదు. మీరు ఎక్కే విమానంలో ఏ నియమం ఉన్నా, పవర్‌బ్యాంక్‌ను కళ్లెదుట, ముందు సీటు జేబులోనో కాళ్ల దగ్గరి సంచిలోనో పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో 100–240 అని ఉంటే రెండుచోట్లా పనిచేస్తుంది, ప్లగ్ పిన్నులకు అడాప్టర్ చాలు.

చిల్లర నాణేల సంగతి ఇప్పుడు. మౌస్ కోసం అదనంగా రెండు పెన్సిల్ సెల్లు తీసుకెళ్లడం మంచి అలవాటే. వాటిని తాళంచెవులు, నాణేలు ఉన్న అరలో పడేయడమే మంచిది కాదు. సెల్ రెండు కొసలనూ లోహం ఏదైనా ఒకేసారి తాకితే షార్ట్ సర్క్యూట్ అయి కాలేంత వేడెక్కుతుంది. కొన్నప్పటి అట్ట ప్యాకింగ్‌లోనే ఉంచితే సరి. లేదా కొసలకు టేపు ముక్క అంటించండి. బ్యాటరీల్లోకెల్లా నాకు భయం కలిగించేది మాత్రం బటన్ సెల్. సామాను జాడ చెప్పే ట్రాకర్లలో, చిన్న రిమోట్లలో వాడే సీఆర్2032 రకం వెడల్పు 20 మిల్లీమీటర్లు, మన రూపాయి బిళ్లకు దగ్గర. పసిపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను లోపలి నుంచి కాల్చేయగలదు. మనవలతో కలిసి ప్రయాణం చేస్తుంటే విడి బటన్ సెల్లు వెంట తీసుకెళ్లకండి. మింగారేమోనన్న అనుమానం కలిగినా దారిలో వచ్చే మొదటి పెద్ద ఆస్పత్రి దగ్గర దిగిపోండి.

ఎక్స్‌రే స్కానర్ గురించి భయం వదిలేయవచ్చు. బ్యాగుల తనిఖీలో వాడే కిరణాలకు మౌస్‌లు, డాంగిల్‌లు, ఇయర్‌బడ్స్ ఏమీ పాడుకావు. పోయేది ట్రేలో. బెల్టు, గడియారం, ఫోన్, పర్సు అన్నీ తీసి ట్రేలో పడేసే హడావిడిలో ఇయర్‌బడ్స్ డబ్బా ఒక మూలకు జారుతుంది. వెనకవాళ్లు తోస్తుంటారు, మనం పెద్ద వస్తువులు ఏరుకుని కదులుతాం. వరుసలో నిలబడ్డప్పుడే చిన్నవన్నీ ఒకే జిప్ కవరులో వేసి, ఆ కవరును చేతిసంచిలో పెట్టేస్తే ట్రేలో ఏరుకోవాల్సినవి తగ్గుతాయి.

హ్యాకింగ్ మాటేమిటి? ఇది పూర్తిగా కట్టుకథ కాదు. 2016లో బాస్టిల్ అనే అమెరికా భద్రతా సంస్థ మౌస్‌జాక్ పేరుతో ఒక లోపాన్ని బయటపెట్టింది. ఏడు కంపెనీల డాంగిల్‌లు, జతకాని పరికరం పంపిన సంకేతాలను కూడా మన కీబోర్డు నుంచి వచ్చినట్టు నమ్మేస్తున్నాయని తేల్చింది. అది కూడా 100 మీటర్ల దూరం నుంచి సాధ్యమే అంది. మన రైళ్లలో ఎల్‌హెచ్‌బీ బోగీ సుమారు 24 మీటర్లు. అంటే నాలుగు బోగీల దూరం. అదే ఏడాది ఇంకో సంగతీ బయటపెట్టారు. కొన్ని చవక వైర్‌లెస్ కీబోర్డులు మనం నొక్కే అక్షరాలను ఏ రహస్య లిపీ లేకుండా గాల్లోకి వదిలేస్తున్నాయి. బ్లూటూత్ పరికరాలకు ఈ రెండు లోపాలూ వర్తించవు.

దీన్ని తలుచుకుని రైల్లో వణకాల్సిన పనిలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, లాక్ తీసి, డాంగిల్ పెట్టి ఉంటేనే ఎవరైనా ఏమైనా చేయగలిగేది. టీ కోసం లేచేటప్పుడు తెర లాక్ చేయండి. పని అయిపోయాక డాంగిల్ తీయండి, మౌస్ పక్కన లేకపోయినా డాంగిల్ వింటూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చే అప్‌డేట్లు వేసుకోండి. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ప్రయాణంలో వైర్‌లెస్ కీబోర్డు మీద కాకుండా ల్యాప్‌టాప్ సొంత మీటల మీదే కొట్టండి. అంతకుమించి మనలాంటివాళ్లకు అక్కర్లేదు.

కొన్నిసార్లు ఊరు చేరాక మౌస్ ఆగి ఆగి కదులుతుంది. దారిలో దెబ్బతిందనుకుంటాం. ముందు డాంగిల్ పక్క పోర్టు చూడండి. అక్కడ పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో ఉందా? వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3.0 పోర్టులు, చాలాసార్లు నీలం రంగు నాలుక ఉండేవి, పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద వదులుతాయని ఇంటెల్ కంపెనీ 2012లోనే వివరించింది. పెళ్లి మేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు డాంగిల్‌కు మౌస్ మాట వినపడదు. డాంగిల్‌ను అవతలి వైపు పోర్టుకు మార్చండి. చాలావరకు అక్కడితో సరి. కొత్త మౌస్ కొనే ముందు ఈ ఒక్కటి చేసి చూడండి.

నీళ్ల గురించి క్లుప్తంగా. ఇయర్‌బడ్స్ పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులకు, చెమటకు పరవాలేదని అర్థం. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుంటుందని. మంచినీళ్లలో అన్న మాట గుర్తుంచుకోండి, ఆర్కే బీచ్ కెరటానికి ఆ హామీ లేదు. మౌస్‌లకు మామూలుగా ఏ అంకే ఉండదు. తడిస్తే సెల్ తీసి, బోర్లించి, ఫ్యాను గాలికి ఒకట్రెండు రోజులు వదిలేయండి. బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా వద్దు. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెడితే సన్నని బియ్యపు రేణువులు లోపలికి పోయి పాడవుతుందని యాపిల్ కూడా హెచ్చరించింది. బియ్యం అన్నానికి ఉంచుకుందాం.

ఇన్ని జాగ్రత్తలు పడినా పోతే? ట్రాకర్లు కొంత సాయం చేస్తాయి. యాపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది. 11 గ్రాములు, వెడల్పు 32 మిల్లీమీటర్లు, బటన్ సెల్ సుమారు ఏడాది వస్తుంది. అందులో జీపీఎస్ ఉండదు. అది వదిలే బ్లూటూత్ సంకేతాన్ని దారినపోయేవాళ్ల ఐఫోన్లు విని, అది ఎక్కడుందో మనకు చేరవేస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇలాంటి ఏర్పాటునే గూగుల్ 2024లో మొదలుపెట్టింది. కాబట్టి జనం తిరిగే స్టేషన్‌లో ఇది బాగా పనిచేస్తుంది, జనంలేని పొలం గట్టు మీద చేయదు. రెండు గ్రాముల డాంగిల్‌కు 11 గ్రాముల ట్రాకర్ కట్టడం పిల్లికి ఏనుగు గంట కట్టడమే. చిన్నవన్నీ ఉన్న సంచికి ఒకటి వేస్తే చాలు.

రైల్లో మరిచిపోతే 139కు ఫోన్ చేయండి, లేదా రైల్‌మదద్‌లో ఫిర్యాదు పెట్టండి. ప్రయాణికులు మరిచిన సామాను తిరిగి అప్పగించడానికి రైల్వే రక్షణ దళం ఆపరేషన్ అమానత్ పేరుతో ఒక కార్యక్రమమే నడుపుతోంది. రైలు నంబరు, బోగీ, బెర్తు చెప్పగలిగితే వెతకడం తేలిక. బస్సులో అయితే టికెట్ మీది సర్వీసు నంబరుతో డిపోను అడగాలి. అందుకే ఇల్లు చేరేదాకా టికెట్ పారేయకండి.

ఒక్క పని ప్రయాణం అయ్యాక చేయాలి. మళ్లీ నెలల తరబడి వాడని మౌస్‌లో సెల్ ఉంచేస్తే అది కారి, తెల్లటి పొడి కడుతుంది. సెల్ తీసేయండి. ఇప్పటికే పొడి కడితే దూదికి నిమ్మరసం చుక్క అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి. ఆ పొడిని వట్టి చేత్తో ముట్టుకోకండి.

నా డాంగిల్ ఏమైందని అడుగుతారేమో. విశాఖలో మిగతా పనంతా ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద వేలు రుద్దుతూ కానిచ్చాను. తిరిగొచ్చాక ఇల్లంతా వెతికితే డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనక పోర్టులో దొరికింది. ఈ వారం ఊరెళుతుంటే మీరూ ముందు అక్కడ చూడండి.